చివరి రాజును ముస్తాబు చేయడం ఎలా

మొదటి రాజుకు దుస్తులు కుట్టడం తేలిక. మెరిసే గుడ్డ తెచ్చి, కొలతలు సరిగ్గా తీసుకుని, ఖాళీగా కనిపించిన చోటల్లా జరీ అతికిస్తే సరిపోతుంది. చిక్కంతా చివరి రాజుతోనే. పిల్లల నాటకాలకు వేషాలు అడగడానికి వచ్చే తల్లులు ఒకే మాట అంటారు: "రాజ్యం పోతోంది కదా పెద్దమ్మగారూ, ఏవైనా చినిగిన బట్టలు ఉంటే ఇవ్వండి." చినిగిన బట్టలు వేస్తే రంగస్థలం మీదికి బిచ్చగాడు వస్తాడు. రాజు రాడు.

మా నాన్న తెనాలి నుంచి మద్రాసు వచ్చి సినిమా కంపెనీలకు దుస్తులు కుట్టేవాడు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోతుంటే తోటి దర్జీలు చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు. ఈయన కదలలేదు. "ఈ మిషను ఈ ఊరి గాలికి అలవాటు పడింది" అన్నాడు. మిషనుకు ఊరేమిటని అమ్మ అడిగితే జవాబు లేదు. ఆ మిషను ఇప్పటికీ చెన్నై సాలిగ్రామంలో మా ఇంటి కిటికీ పక్కనే ఉంది. దానితోపాటు రెండు ట్రంకు పెట్టెలు, అరవై మూడేళ్ళ నేను. అద్దె దుకాణం ఎప్పుడో మూసేశాం. మా అపార్టుమెంటు పిల్లల నాటకాలకు మాత్రం నేనే ఆస్థాన దర్జీని.

పోయిన ఉగాదికి మూడో అంతస్తులో ఉండే ఎనిమిదో తరగతి పిల్ల ఒక నాటకం రాసింది. మంచుపురి అని ఒక రాజ్యం. అక్కడ కోట, కొలువు, వంతెనలు, చివరికి గుర్రాలు కూడా మంచుతో చేసినవే. ఇరవయ్యేడో రాజు నాటికి మంచు కరగడం మొదలవుతుంది. జనం ఒక్కొక్కరుగా కొండ దిగి వెళ్ళిపోతారు. ఆఖరి రంగంలో రాజు, ఒక బిందె, బిందెలో నీళ్ళు. ఆ నీళ్ళే రాజ్యం. రాసిన పిల్ల పుట్టి బుద్ధెరిగి మంచును ఫ్రిజ్ పైఅరలో తప్ప చూసి ఉండదు. రాజు వేషం పదేళ్ళ చెల్లెలికి ఇచ్చారు. రాజు మాటలన్నీ తప్పులేకుండా అప్పజెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

ఆ వేషం ఎలా తయారయిందో చెబుతాను. మీ పిల్లలు కల్పించుకున్న రాజ్యం అడవిలో ఉండనివ్వండి, సముద్రం అడుగున ఉండనివ్వండి, పద్ధతి ఇదే.

కత్తెర పట్టుకునే ముందు కథ రాసినవారిని ఒక ప్రశ్న అడగాలి: ఈ అంగీ ఇతనికంటే ముందు ఎవరు తొడుక్కున్నారు? పిల్లలు తెల్లమొహం వేస్తారు. "రాజుదే" అంటారు. ఓపికగా మళ్ళీ అడగండి. చివరి రాజు ఒంటిమీద ఉన్నవేవీ అతని కోసం చేసినవి కావు. కొత్తవి చేయించుకునే స్తోమతే ఉంటే అతను చివరివాడు ఎందుకవుతాడు?

ఇది నేను ఊహించి చెప్పే మాట కాదు. చెన్నై నుంచి రైలెక్కి కాట్పాడిలో దిగితే వేలూరు పక్కనే. అక్కడ పాలారు ఒడ్డున శ్రీలంకలోని కాండీ రాజ్యపు చివరి రాజు శ్రీ విక్రమరాజసింహుడి సమాధి ఉంది. మదురై నాయకులతో బంధుత్వం ఉన్న వంశం, అంటే మూలాల్లో మన తెలుగువాళ్ళే. 1739 నుంచి ఆ వంశంవాళ్ళు నలుగురు కాండీని ఏలారు. ఇతను నాలుగోవాడు. 1798లో పద్దెనిమిదేళ్ళ వయసులో గద్దెనెక్కాడు. 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, తరువాత వేలూరు కోటకు తెచ్చి ఉంచారు. 1832లో అక్కడే పోయాడు. నాకు పనికొచ్చిన సంగతి అతని సింహాసనం. అది 1693లో డచ్చివాళ్ళు అప్పటి రాజుకు ఇచ్చిన కానుక. ఇతను పుట్టేనాటికే దానికి ఎనభై ఏడేళ్ళు. రాజ్యం పోయాక దాన్ని ఇంగ్లండు తీసుకువెళ్ళి, 1934లో తిరిగి ఇచ్చారు. ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. కూర్చున్నవాళ్ళందరూ పోయారు, కుర్చీ మిగిలింది. వేషం కుట్టేవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఆ కుర్చీని.

కాబట్టి కొలతలు పిల్లకు తీసుకోకండి. నేను మంచుపురి రాజు అంగీని మా కింది అంతస్తు మాస్టారి ఒంటికి కొలిచి కుట్టాను. ఛాతీ నలభై రెండు, చేతులు ఇరవై నాలుగు అంగుళాలు. అది పూర్తిగా కుట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడు పిల్లకు తొడిగి తగ్గించాలి. మొదటినుంచీ చిన్నదిగా కత్తిరించి వదులుగా ఉంచితే ఆ తేడా తెలిసిపోతుంది. భుజం కుట్టు మోచేతివైపు జారాలి. చేతులను లోపలికి మడిచి కచ్చా కుట్టు వేయండి, దారం రంగు కలవకపోయినా ఫరవాలేదు. రాణివాసంలో ఎవరో హడావిడిగా వేసిన కుట్టులా ఉండాలి. అంచు కూడా అంతే. ఒకసారి కుట్టి, విప్పి, రెండంగుళాలు పైకి మళ్ళీ కుట్టండి. పాత మడత గీత కనబడుతుంది. ఆ గీతను ఇస్త్రీతో పోగొట్టాలని మీ చేతులు దురద పెడతాయి. పెట్టనివ్వండి.

గుడ్డ సంగతి. గోడౌన్ వీధిలో మఖమల్ దొరకని రంగు లేదు, కానీ పాలియెస్టర్ మఖమల్ కొనకండి. అది నెల్లాళ్ళు ఎండలో పడేసినా రంగు మారదు, మనకు మారేది కావాలి. నూలు మఖమల్ గానీ, ఇంట్లో మూలపడిన పాత పట్టుచీర గానీ తీసుకోండి. మరీ మచ్చలు పడిన చీరైతే లోపలి పొరకు వాడండి. నేను వాడింది ముదురు మెరూను నూలు మఖమల్. కొనేముందు చేయెడు ముక్క తెచ్చుకుని, దానిమీద రూపాయి బిళ్ళ పెట్టి నాలుగు రోజులు మేడమీద ఎండబెట్టాను. బిళ్ళ తీస్తే కింద ముదురు చుక్క. అది చూశాకే మిగతా గుడ్డ కొన్నాను.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ వేషంలో అసలు పని ఇదే.

మా వీధుల్లో ఇప్పటికీ మధ్యాహ్నం పూట పాత పట్టుచీరలు కొంటామని అరుస్తూ మనుషులు తిరుగుతారు. వాళ్ళకు కావలసింది పట్టు కాదు, జరీలోని వెండి. నాన్నకు పని లేని రోజుల్లో ఒకసారి అమ్మ అలాంటి మనిషిని పిలిచింది. పెళ్ళిచీర మొత్తం ఇవ్వడానికి మనసు రాలేదు. బేరమాడి, అంచు మాత్రమే ఇస్తానంది. రాత్రి మేమంతా పడుకున్నాక దీపం దగ్గర కూర్చుని చీర నుంచి అంచు వేరు చేసింది. ముందు లోపలి కొంగువైపు, కట్టుకుంటే కనబడని వైపు. తరువాత కింది అంచు. పమిటమీది జరీ జోలికి పోలేదు. ఆ చీర కట్టుకుని ఆమె మేనమామ కూతురి పెళ్ళికి వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదట. పక్కన కూర్చున్న నాకు మాత్రం చీర అడుగున కొత్త కుట్టు కనబడుతూనే ఉంది. కుట్టు పక్కన, ఇన్నాళ్ళూ జరీ మాటున మడతలో దాగి ఎండ తగలని పట్టు, మిగతా చీరకంటే ముదురుగా, సన్నని చారలా.

చివరి రాజు అంగీకి ఆ చార కావాలి. చినుగులు కాదు.

దాన్ని ఇలా తెప్పించవచ్చు. అంగీ కుట్టడం అయ్యాక మెడ చుట్టూ, రొమ్ము మీదుగా నిలువునా, చేతుల చివర రెండంగుళాల వెడల్పు లేసు కుట్టండి. లేసు ఎంత చవకదైనా చాలు, కానీ దట్టంగా ఉండాలి, ఎండ లోపలికి దూరకూడదు. కుట్టు పెద్ద పెద్దగా వేయండి, మళ్ళీ విప్పాలి కదా. అలా కుట్టిన అంగీని మేడమీద తాడుకు పరచి మూడు వారాలు ఉంచండి. చెన్నై ఎండకు ఇంతకంటే మంచి ఉపయోగం నేను చూడలేదు. సాయంత్రం తీసి, పొద్దున మళ్ళీ వేయండి. రాత్రి వదిలేస్తే తేమకు మఖమల్ వాసన పడుతుంది. కాకుల సంగతి సరే సరి. రోజూ ముందువైపు, వెనకవైపు మారుస్తూ ఉండండి. మూడు వారాల తరువాత బ్లేడుతో లేసు విప్పేయండి. గుడ్డంతా ఎండిన ఇటుక రంగుకు వచ్చి ఉంటుంది, లేసు ఉన్నచోట మాత్రం అసలు మెరూను. దాని రెండువైపులా సూది రంధ్రాల వరుస. ఆ రంధ్రాలను గోరుతో రుద్ది మూయకండి. ఒకటి రెండు చోట్ల లేసు ముక్క అంగుళం మేర అలాగే వదిలేయండి, అదీ కుడిచేతి చివర. చేయి ఎత్తితే సభకు కనబడేది అదొక్కటే కాబట్టి రాజు దాన్ని ఆఖరున అమ్ముతాడు.

పిల్లల పట్టుదల అంతా బొచ్చు మీద ఉంటుంది. టీవీలో చూసిన మంచుదేశపు రాజులందరికీ భుజాల మీద గొర్రె అంత బొచ్చు. మేమూ మొదట కృత్రిమ బొచ్చు ఒకటిన్నర మీటరు తెచ్చాం. మొదటి రిహార్సల్లో పావుగంటకే రాజుగారి మొహం టమాటాలా అయింది. రెండో రంగంలో "దాహం" అంది, అది నాటకంలో లేని మాట. బొచ్చు తీసి పారేశాను. దాని బదులు గోనెసంచి ముక్కలను చాకలిసోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, పోగులు లాగి, పాత దువ్వెనతో దువ్వాను. తెల్లటి దోమతెర ముక్క మీద ఆ పోగులను వరుసలు వరుసలుగా కుట్టాను. గాలి ఆడుతుంది, దూరం నుంచి ముసలి జంతువు చర్మంలా ఉంటుంది. అక్కడక్కడా బోడిగా వదిలేస్తే చిమ్మెటలు కొట్టినట్టు ఇంకా బాగుంటుంది.

అంగీ అడుగున మంచు ధారలు వేలాడాలని రాసిన పిల్ల పట్టుబట్టింది. కడిగి ఆరబెట్టిన పాల కవర్లను కోసుగా కత్తిరించి, టిచ్ బటన్లతో తగిలించాను. ప్రతి రంగం తరువాత తెర వెనక కొన్ని తీసేయాలి. అవి గరగరలాడతాయి, మైకు ఉంటే జాగ్రత్త. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇక కిరీటం. బంగారు కాగితం అతికించిన అట్ట కిరీటాలు పుట్టినరోజు పండుగలకు బాగుంటాయి. మనకు కావలసింది కాగితపు గుజ్జుతో చేసింది. తల చుట్టుకొలత మళ్ళీ పిల్లది కాదు, పెద్దవాళ్ళది. ఒక స్టీలు గిన్నెను బోర్లించి, నూనె రాసి, దానిమీద పాత పేపరు చీలికలను మైదా జిగురుతో ఆరు పొరలు వేయండి. నాన్న అయితే పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవాడు. అది విషం, పిల్లల తలకు వద్దు. రెండు చుక్కల లవంగ నూనె చాలు. ఒక్కో పొరా పూర్తిగా ఆరాకే రెండోది వేయాలి. చెన్నైలో తొందరపడితే నాలుగో రోజున కిరీటం పులిసిన పిండి వాసన వేస్తుంది. ఆరాక గిన్నె నుంచి తీసి, పైభాగం కోసి, ముందువైపు ఎత్తు పెంచుకోండి.

పైన నగిషీకి తంజావూరు పటాలవాళ్ళ ఉపాయం వాడండి. సుద్దపొడి, ఫెవికాల్ కలిపి ఇడ్లీ పిండి జారుడు వచ్చేలా చేసి, ఖాళీ మెహందీ కోనులో నింపి, తీగలు, చుక్కలు దిద్దండి. అది తడిగా ఉండగానే అద్దాల రాళ్ళు గుచ్చండి. మేము తొమ్మిది గుచ్చాం. ఆరిన తరువాత మొత్తం కావి రంగు వేయండి. ఇది మానేయకండి, దీనికి కారణం ఉంది. దానిమీద బంగారు రంగు ఒకటే పూత.

ఇప్పుడు దాన్ని అరగదీయాలి, అదీ ఒక లెక్క ప్రకారం. తెలియనివాళ్ళు గరుకు కాగితం పెట్టి అంతటా గీకేస్తారు, అప్పుడు అది తుప్పు పట్టిన డబ్బాలా ఉంటుంది. కిరీటాన్ని మీరే రెండు చేతులతో ఎత్తి తలమీద పెట్టుకుని చూడండి. బొటనవేళ్ళు ఎక్కడ ఆనాయి? చెవులకు కాస్త పైన, రెండువైపులా. ఇరవై ఆరుగురు రాజులు బొటనవేళ్ళు అక్కడే ఆనించారు. ఆ రెండు చోట్ల మాత్రమే బంగారం అరిగి కింది కావి రంగు తొంగి చూడాలి. లోపలి అంచు నుదుటికి తగిలేచోట కూడా కొంచెం. మిగతాది ముట్టుకోకండి.

రాళ్ళలో ఆరు పెకలించేశాను. వెనకవైపువి మొదట. ఏవి తీయాలో రాసిన పిల్లే చెప్పింది, నేను అమ్మ చీర సంగతి చెప్పలేదు. "వెనకవి ఎవరూ చూడరు కదా" అంది. ఊడిన గుంటల్లో కాటుక అద్ది తుడిచేస్తే లోతు కనబడుతుంది. ముందువైపు నట్టనడిమి పెద్ద ఎర్రరాయి ఉండాలి. దాని పక్క రెండూ ఉండాలి. సభలో కూర్చున్నవారికి మొదటి రంగంలో ఇది నిండు కిరీటం. రాజు వెనుదిరిగినప్పుడు గానీ సంగతి బయటపడదు. అందుకే రెండో రంగం చివర రాజు కిటికీవైపు తిరిగేలా నడక మార్పించాను. కుట్టేవాళ్ళు కథలో వేలు పెట్టకూడదంటారు. పెట్టాను.

కత్తికి ఎక్కువ తంటాలు పడకండి. ఎగ్మూరు మ్యూజియంలో తంజావూరు రాజమందిరం నుంచి వచ్చిన ఆయుధాలు ఉన్నాయి, పిల్లలను తీసుకువెళ్ళి పిడులు చూపించండి. మనం అనుకునేదానికంటే ఎంతో చిన్నవి. ఆ ఊరి నాయక రాజుల్లో చివరివాడు విజయరాఘవ నాయకుడు తెలుగులో నాటకాలు రాసినవాడు. 1673లో మదురై సేనతో పోరాడి చనిపోయాడు. అది విని నాటకం రాసిన మా పిల్ల "అయితే రాజులు కూడా నాటకాలు రాస్తారా" అని రెండు రోజులు గొప్పలు పోయింది. డాలుకు పుదుపేట పాత సామాన్ల అంగడిలో దొరికిన అంబాసిడర్ కారు చక్రం మూత వాడాం. సొట్టలు ముందే ఉన్నాయి.

గడ్డం వద్దు. దాన్ని అతికించే స్పిరిట్ గమ్ పిల్లల చర్మానికి మంచిది కాదు, ఈ ఉక్కలో నిలవదు కూడా. చివరి రాజు ముసలివాడే కానక్కరలేదు.

వేషం మూడు రోజుల ముందే తొడిగి నడిపించండి. ఇదేమీ అలంకారం కోసం కాదు. చేతులు పొడుగై వేళ్ళమీదికి జారుతుంటే పిల్ల ఏం చేస్తుందో చూడాలి. మా రాజు మాటిమాటికీ ఎడమచేత్తో కుడిచేతి గుడ్డ పైకి తోసుకునేది. వాళ్ళమ్మ పిన్నీసు పెడతానంది, నేను వద్దన్నాను. ఆ తోసుకోవడమే నటన. ఏడుపు, అరుపు ఏవీ నేర్పకండి. గోల్కొండను ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687లో మొగలులు పట్టుకున్నప్పుడు, తనను బంధించడానికి వచ్చినవాళ్ళ ఎదుటే అక్కడి చివరి సుల్తాను తానీషా తాపీగా భోజనం వడ్డించమన్నాడని చెబుతారు. ఈ ముక్క చెప్పాక మా రాజు ఆఖరి రంగంలో ఏడవడం మానేసి, బిందె మూతి కొంగుతో తుడిచింది. కొంగు ఎక్కడిదని అడగకండి, నాలుగు గజాల అంగీకి ఏదో ఒక కొస దొరుకుతుంది.

కూర్చోవడానికి అసోసియేషన్ ఆఫీసు చెక్క కుర్చీ అడిగి తెచ్చుకోండి. పీట వేయకండి, కాళ్ళు నేలకు అందకుండా వేలాడనివ్వండి.

పెద్ద కిరీటం చిన్న తలమీద నిలవడానికి లోపల మెత్త కావాలి. స్పాంజి చెమట పీల్చదు, జారిపోతుంది. పాత నూలు పంచె ముక్కను పొడుగ్గా మడిచి, చుట్టూ తిప్పి, నాలుగుచోట్ల దారంతో ముడివేయండి, అతికించకండి. ఎందుకో నాటకం అయ్యాక తెలుస్తుంది. తెర పడ్డాక మా రాజు తెర వెనక నా ముందు వచ్చి నిలబడింది. రెండు చేతులూ బిందెకు అంటుకుపోయి ఉన్నాయి, తలమాత్రం వంచింది. కిరీటం నేనే తీశాను. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది, పంచె ముక్క పిండితే నీళ్ళు కారేలా ఉంది. ముడులు కోసి దాన్ని వెంటనే వేరుగా ఆరేయాలి. లోపలే వదిలేస్తే తెల్లారేసరికి కాగితం మెత్తబడి కిరీటం వంకర పోతుంది. కిరీటాన్ని గిన్నెమీద బోర్లించి ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచి, ఎండు వేపాకు వేసిన ట్రంకులో సర్దండి. పంచె ముక్కను ఉతికి పక్కనే పెట్టండి. ఎవరి తలకైనా మడత విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు.